ముట్టుకోకుండా వణుకు కొలవడం ఎలా?

నెల్లూరులో ఏ సినిమా హాల్లోనైనా బాల్కనీలో కూర్చుని ఒకసారి తల వెనక్కి తిప్పితే, క్యాబిన్ కిటికీలోంచి దుమ్మును మెరిపిస్తూ వచ్చే వెలుగు కనిపిస్తుంది. రీళ్ళ కాలం పోయింది. ఇప్పుడు చాలా హాళ్ళలో ఆ వెలుగు ఒక చిన్న చిప్ మీద పడి, అక్కణ్ణించి తెర మీదకి వస్తోంది. ఆ చిప్ మీద పరిచి ఉన్నవి అద్దాలు. 2కె ప్రొజెక్టర్ అయితే అడ్డంగా 2048, నిలువుగా 1080, అంటే ఒక్కో చిప్ మీద 22 లక్షలకు పైగా అద్దాలు. ఒక్కో అద్దం అంచు 10 నుంచి 14 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తల వెంట్రుక మందంలో ఐదో వంతు అనుకోవచ్చు. ప్రతిదీ ఒక సన్నటి లోహపు బద్ద మీద పది పన్నెండు డిగ్రీలు అటు, పది పన్నెండు డిగ్రీలు ఇటు ఒరుగుతూ ఉంటుంది. ఒకవైపు ఒరిగితే తెర మీద ఆ చుక్క వెలుగుతుంది, రెండోవైపు ఒరిగితే చీకటి. సెకనుకి కొన్ని వేలసార్లు ఇదే పని. 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ కనిపెట్టిన ఏర్పాటు ఇది, ఆస్కార్ ఇచ్చే అకాడమీ తర్వాత ఆయనకి సాంకేతిక విభాగంలో అవార్డు కూడా ఇచ్చింది.

ఒరగడం సరే, ఒరిగాక ఆగాలి కదా. తలుపు విసురుగా వేస్తే గొళ్ళెం కాసేపు టకటకలాడినట్టు, ఈ అద్దం కూడా చివరికంటా వెళ్ళి తగిలి, కాస్త ఎగిరిపడి, వణికి, అప్పుడు కుదురుకుంటుంది. ఆ వణుకు మైక్రోసెకన్లలో అణిగిపోతే ప్రేక్షకుడికి తెలియదు. అణగకపోతే వెలుగు పడకూడని చోట పడుతుంది, నలుపు కాస్తా బూడిద రంగులోకి దిగుతుంది. ఇది సినిమా చిప్ గొడవ ఒక్కటే కాదు. కార్ల ముందు దారిని లేజర్‌తో తడిమే లైడార్‌లలో, అరచేతిలో పట్టే ప్రొజెక్టర్లలో ఇలాంటి అద్దాలే ఊగుతుంటాయి. ఫోన్ కెమెరాలో చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా లెన్స్‌ను సర్దే ఏర్పాటు కూడా ఇలా కదిలే చిన్న పరికరమే. బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించుకుని తిరిగితే పెద్ద ఇంజన్ల కంపనానికి ఐఫోన్ కెమెరా పనితీరు తగ్గొచ్చని 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ స్వయంగా హెచ్చరించింది. అంటే ఈ బుల్లి పరికరాలు ఏ వేగంలో, ఎంత మేర, ఏ ఆకారంలో వణుకుతాయో ముందే తెలిసి ఉండాలి. మరి పద్నాలుగు మైక్రాన్ల వస్తువు వణుకుని ఏ కొలబద్దతో కొలుస్తారు?

వణుకుని బట్టి వస్తువు గుణం చెప్పడం మనకి కొత్తేమీ కాదు. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొదబొదమంటే ఎక్కడో బీట ఉందని పక్కన పెడతారు. బీట కంటికి కనపడనవసరం లేదు. ప్రతి వస్తువుకీ దానికంటూ ఒక సహజమైన ఊపు ఉంటుంది. ఎంత బిగువుగా ఉంటే అంత త్వరగా, ఎంత బరువుంటే అంత నిదానంగా ఊగుతుంది. బీట పడితే బిగువు తగ్గుతుంది, దాంతో ఊపు మందగిస్తుంది, స్వరం దిగుతుంది. బుల్లి అద్దానికీ ఇదే సూత్రం. అద్దాన్ని మోసే బద్ద అనుకున్నదానికన్నా కాస్త పల్చగా వచ్చినా, దాని మీద కంటికి కనపడని చీలిక వచ్చినా, దాని ఊపు మారిపోతుంది. ఆ మార్పుని పట్టుకుంటే చిప్ కోసి చూడక్కర్లేదు.

కుండని వేలితో కొట్టొచ్చు. దీన్ని కొట్టలేం. మోటార్లకి, పంపులకి కంపనం కొలిచేవాళ్ళు ఒక సెన్సర్ తెచ్చి వస్తువు మీద అతికిస్తారు, అది వస్తువుతోపాటు ఊగి లెక్క చెబుతుంది. పంపు బరువు ముందు ఆ సెన్సర్ బరువు లెక్కలోకి రాదు. కానీ ఒక మిల్లీమీటరు పొడవు, అంతే వెడల్పు, 50 మైక్రాన్ల మందం ఉన్న సిలికాన్ అద్దాన్ని తీసుకోండి, దాని బరువు సుమారు 0.12 మిల్లీగ్రాములు. సన్నబియ్యం గింజ ఒకటి తీసుకుంటే అందులో నూరో వంతుకి అటూ ఇటూ. దొరికేవాటిలో బాగా చిన్న సెన్సర్ కూడా దీనికన్నా వెయ్యి రెట్లకు పైగా బరువు తూగుతుంది. పిచ్చుక మెడకి రోకలి కట్టి అది ఎలా ఎగురుతుందో చూడాలనుకోవడం లాంటిది. అందుకే ముట్టుకోకుండా కొలిచే దారి కావాలి, ఆ దారి వెలుగు.

ఉలవపాడు స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి, అక్కడ ఆగని ఎక్స్‌ప్రెస్ హారన్ కొడుతూ దూసుకుపోవడం వినండి. వచ్చేటప్పుడు హారన్ కీచుగా ఉంటుంది, దాటిపోయిన మరుక్షణం దిగిపోతుంది. ఇంజన్ హారన్ మారలేదు. బండి గంటకి 110 కిలోమీటర్ల వేగంతో ఉండి హారన్ అసలు స్వరం 400 హెర్ట్జ్ (అంటే సెకనుకి 400 ఊపులు) అయితే, ఎదురొచ్చేటప్పుడు సుమారు 440గా, దూరమయ్యేటప్పుడు సుమారు 367గా చెవిన పడుతుంది. క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పిన సంగతి ఇది. మూడేళ్ళ తర్వాత హాలండ్‌లో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త రైలు మీద బాకాలు ఊదేవాళ్ళని ఎక్కించి, స్వరజ్ఞానం ఉన్నవాళ్ళని పట్టాల పక్కన నిలబెట్టి ఇది నిజమేనని తేల్చాడు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కళ్ళు మూసుకున్నా సరే, స్వరం ఎంత మారిందో తెలిస్తే బండి ఎంత వేగంతో పోతోందో చెప్పొచ్చు.

వెలుగుకీ ఇది వర్తిస్తుంది. అద్దం మీదకి లేజర్ కాంతి వేస్తే, అద్దం ఎదురొస్తున్నప్పుడు తిరిగొచ్చే కాంతి ఫ్రీక్వెన్సీ, అంటే అది సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, కాస్త పెరుగుతుంది, వెనక్కి పోతున్నప్పుడు కాస్త తగ్గుతుంది. ఎంత? హీలియం నియాన్ లేజర్ ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). అద్దం సెకనుకి ఒక మిల్లీమీటరు వేగంతో కదిలితే మార్పు 3,160 హెర్ట్జ్. బాగానే ఉందనిపిస్తుంది గానీ అసలు కాంతి సెకనుకి 474 లక్షల కోట్ల సార్లు ఊగుతుంటుంది. అందులో మూడు వేలు ఎక్కువో తక్కువో నేరుగా లెక్కపెట్టగల పరికరం లేదు. కాంతిని కరెంటుగా మార్చే ఏ డయోడూ అంత వేగాన్ని అందుకోలేదు.

ఇక్కడే సంగీతం తెలిసినవాళ్ళకి బాగా పరిచయమైన ఉపాయం పనికొస్తుంది. తంబూర శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు దాదాపు ఒకే స్వరానికి వచ్చి కొంచెం తేడా మిగిలి ఉంటే, నాదం పెరుగుతూ తగ్గుతూ అలలా వినిపిస్తుంది. ఆ అల వేగం రెండు తీగల మధ్య ఉన్న తేడాకి సమానం. ఆ తేడా ఎంతుందో చెవికి అల రూపంలో తెలిసిపోతుంది. లేజర్‌తోనూ అదే చేస్తారు. కాంతిని రెండుగా చీల్చి ఒక పాయని పరికరం లోపలే ఉంచుతారు, రెండో పాయని వణికే అద్దం మీదకి పంపిస్తారు. తిరిగొచ్చిన పాయని లోపలి పాయతో కలిపితే డయోడ్ మీద ఆ అల పుడుతుంది. 474 లక్షల కోట్లు రెండు వైపులా కొట్టుకుపోయి తేడా ఒక్కటే మిగులుతుంది. మూడు వేల హెర్ట్జ్‌ని కొలవడం ఏ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లోనైనా చిన్న పని.

అయితే అలలో ఒక లోటుంది. తేడా మూడు వేలని చెబుతుంది గానీ అద్దం ముందుకి వచ్చిందా వెనక్కి పోయిందా అన్నది చెప్పదు. దీనికి ధడా కడతారు. కాటా మీద ముందు ఖాళీ డబ్బా పెట్టి ఆ బరువుకి ధడా కట్టుకుని తర్వాత నూనె పోసి తూస్తారు చూడండి, అలా. రెండు పాయల్లో ఒకదాన్ని ముందే ఒక స్ఫటికంలోంచి పంపిస్తారు, అందులో 40 మెగాహెర్ట్జ్ (సెకనుకి 4 కోట్ల ఊపులు) శబ్ద తరంగం నడుస్తూ ఉంటుంది, దాని మీద నుంచి మళ్ళిన కాంతి ఫ్రీక్వెన్సీ సరిగ్గా అంతే మేర జరుగుతుంది. ఇప్పుడు అద్దం కదలకుండా ఉంటే అల 40 మెగాహెర్ట్జ్ చూపిస్తుంది, ముందుకొస్తే 40కి పైన, వెనక్కిపోతే 40కి కింద. ఈ పరికరాన్నే లేజర్ డాప్లర్ వైబ్రోమీటర్ అంటారు.

దీని లోపల నెల్లూరు జిల్లాకి బాగా తెలిసిన వస్తువు ఒకటి ఉంది. సైదాపురం, గూడూరు వైపు పిల్లలు కాకిబంగారం అని ఏరుకునే అభ్రకం. పొర మీద పొరగా గోటితో విడదీయొచ్చు, ఎండలో తళుక్కుమంటుంది. దాన్ని సుమారు 30 నుంచి 40 మైక్రాన్ల మందానికి చీలిస్తే, దానిలోంచి వెళ్ళే ఎర్ర కాంతిలోని రెండు దిశల ఊగులాటల్లో ఒకటి పావు తరంగం వెనకబడుతుంది. దీనికి క్వార్టర్ వేవ్ ప్లేట్ అని పేరు. వైబ్రోమీటర్‌లో ఇది చేసే పని చిన్నదే గానీ ముఖ్యమైనది: అద్దం దగ్గరికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కాంతి దీన్ని దాటుతుంది, రెండు పావులు కలిసి సగమై, కాంతి ఊగే దిశ 90 డిగ్రీలు తిరిగిపోతుంది. దాంతో కాంతిని చీల్చే గాజు దిమ్మ దాన్ని లేజర్ వైపు కాకుండా డయోడ్ వైపు తిప్పుతుంది. తిరిగొచ్చిన కాంతి వృథా కాదు, లేజర్‌లోకి వెళ్ళి దాన్ని చెదరగొట్టదు. ఇప్పుడు ఈ పలకలు ఎక్కువగా క్వార్ట్జ్‌తో చేస్తున్నారు, అదీ సైదాపురం భూమిలో దొరికే ఖనిజమే. ముడి ఖనిజం లారీలకెత్తి పంపే ఊళ్ళలో, అదే పదార్థం ఇంత సున్నితమైన పని చేస్తుందని బడి పిల్లలకి ఎవరైనా చూపిస్తే ఎంత బాగుంటుంది!

లేజర్ కాంతితో డాప్లర్ పద్ధతిలో వేగం కొలవొచ్చని 1964లో యిన్ యే, హెర్మన్ కమిన్స్ అనే ఇద్దరు న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చూపించారు. వాళ్ళు కొలిచింది కంపనం కాదు, గొట్టంలో నిదానంగా పారే ద్రవం వేగం. ఆ సూత్రమే ఎంత దూరం వెళ్ళిందంటే, 2022లో జిల్లాలు విడదీసే దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్‌లో లేజర్ డాప్లర్ వెలాసిమీటర్ ఉంది. కింద చంద్రుడి నేల మీదకి లేజర్ వేసి, తిరిగొచ్చిన కాంతిలో తేడాని బట్టి తాను ఎంత వేగంతో దిగుతున్నదీ తెలుసుకునే పరికరం. ఒక చోట వెంట్రుకలో ఐదో వంతు అద్దం, ఇంకో చోట చంద్రుడి నేల, లెక్క మాత్రం ఒక్కటే.

ఈ పద్ధతికున్న అసలు బలం ఇంకోటి. ఇది కొలిచేది ఎంత దూరం కదిలిందన్నది కాదు, ఎంత వేగంగా కదిలిందన్నది. చిన్న వస్తువులు చాలా త్వరగా ఊగుతాయి, త్వరగా ఊగేది కొంచెమే కదిలినా దాని వేగం ఎక్కువే ఉంటుంది. సెకనుకి పది లక్షల సార్లు ఊగే పలక ఒక్క నానోమీటరు మేర కదిలిందనుకుందాం. ఏ మామూలు మైక్రోస్కోప్‌లో చూసినా కదిలినట్టే తెలియదు. కానీ దాని గరిష్ఠ వేగం సెకనుకి 6 మిల్లీమీటర్లు దాటుతుంది, డాప్లర్ తేడా దాదాపు 20 వేల హెర్ట్జ్ వస్తుంది. అందుకే నానోమీటరులో వెయ్యో వంతైన పికోమీటర్ల దాకా కూడా ఈ కొలత దిగగలదు. అంత కిందకి దిగాక ఇంకో విషయం బయటపడుతుంది, ఎవరూ ఊపకపోయినా వస్తువు ఊగుతూనే ఉంటుంది! గది వేడికే. మీటరుకి ఒక న్యూటన్ బిగువున్న (అంటే మీటరు జరపాలంటే ఒక న్యూటన్ బలం కావాల్సిన లెక్కన బిగువున్న) చిన్న బద్ద మామూలు గది ఉష్ణోగ్రతలో ఊరికే సుమారు 64 పికోమీటర్ల మేర వణుకుతుంది. ఇది లోపం కాదు, ప్రకృతిలో ఉన్నదే, పైగా ఈ వేడి వణుకునే చూసి బద్ద బిగువెంతో లెక్కగడతారు కూడా.

ఒక్క చుక్క దగ్గర కొలిస్తే స్వరం తెలుస్తుంది, ఆకారం తెలియదు. ఊగే అద్దం బల్లచెక్కలా బిగుసుకుని ఊగదు, తాటాకులా వంగుతూ ఊగుతుంది. అద్దం ఉపరితలం కాంతి తరంగంలో పదో వంతు, అంటే సుమారు 60 నానోమీటర్లు వంగినా, దాని మీద నుంచి వెళ్ళే లేజర్ చుక్క అలుక్కుపోతుంది. కదలకుండా ఉన్నప్పుడు చూస్తే అద్దం చదునుగానే ఉంటుంది, ఊగుతున్నప్పుడే వంగుతుంది. అందుకని లేజర్ చుక్కని అద్దం మీద వరసగా వందల చోట్లకి జరుపుతూ ప్రతిచోటా కొలుస్తారు, ఊపే సిగ్నల్‌ని గడియారంలా పెట్టుకుని అన్నిటినీ ఒకే క్షణానికి సర్దుతారు. అప్పుడు తెర మీద మొత్తం అద్దం ఎలా అలలాడుతోందో నిదానంగా కదిలే బొమ్మలా కనిపిస్తుంది. 1787లో ఎర్నెస్ట్ క్లాడ్ని ఇత్తడి పలక మీద ఇసుక చల్లి వయొలిన్ కమానుతో అంచుని గీస్తే, ఇసుక కదలని గీతల మీదకి చేరి ముగ్గులా నిలిచింది. వైబ్రోమీటర్ గీసేదీ ఆ ముగ్గే, ఇసుక లేకుండా.

ఇదంతా చదివి పని సులువనుకోకూడదు. ఇది నిజంగా కష్టమైన చోటు కాబట్టి కాస్త ఆగాలి. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న అద్దం సెకనుకి 25 వేల సార్లు, అటు పది ఇటు పది డిగ్రీలు ఊగితే దాని అంచు వేగం సెకనుకి 13 మీటర్లు దాటుతుంది. గంటకి దాదాపు 49 కిలోమీటర్లు, నెల్లూరు ట్రంకు రోడ్డు మీద రద్దీలో ఏ ఆటో పోలేని వేగం. ఆ వేగానికి డాప్లర్ తేడా 43 మెగాహెర్ట్జ్, అంటే ముందు కట్టుకున్న 40 మెగాహెర్ట్జ్ ధడాని మించిపోయింది, ముందా వెనకా అన్న లెక్క మళ్ళీ తారుమారవుతుంది. అంతకన్నా ముందే ఇంకో చిక్కు: పది డిగ్రీలు ఒరిగిన నున్నటి అద్దం కాంతిని ఇరవై డిగ్రీలు పక్కకి తోసేస్తుంది, తిరిగి లెన్స్‌లోకి వచ్చేదేమీ ఉండదు. అందుకే చాలాసార్లు తక్కువ ఊపుతో కొలిచి, ఎక్కువ ఊపులో ఎలా ఉంటుందో లెక్కలతో అంచనా కడతారు. అలా అంచనా కట్టినదాన్ని కొలిచినట్టు రాయకూడదు. పెద్ద ఊపులో బద్దల బిగువే మారుతుంది, చిన్న ఊపు లెక్క అక్కడ నిలవదు.

ముట్టుకోకుండా అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కాంతి నెడుతుంది. ఒక మిల్లీవాట్ లేజర్ అద్దం మీద పడి వెనక్కి మళ్ళితే సుమారు 6.7 పికోన్యూటన్ల బలం పడుతుంది, మీటరుకి ఒక న్యూటన్ బిగువున్న బద్దని అది దాదాపు 7 పికోమీటర్లు జరుపుతుంది. పికోమీటర్లే కొలుస్తున్నప్పుడు ఇది చిన్నది కాదు. అంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేడి. మైక్రాన్ వెడల్పున్న చుక్కలో వెలుగంతా పోగుపడితే, పలచటి పొర కాస్త వేడెక్కి సాగుతుంది, బిగువు తగ్గుతుంది, స్వరం దిగుతుంది. అప్పుడు కొలిచింది అద్దం స్వరమా, లేజర్ వేడికి మారిన స్వరమా? దీనికి మంచి అలవాటు ఒకటుంది. లేజర్ శక్తిని సగానికి తగ్గించి మళ్ళీ కొలవడం. అంకె మారకపోతే నమ్మొచ్చు. మారితే ఇంకా తగ్గించి, గీత గీసి, శక్తి సున్నా దగ్గర ఎంత ఉంటుందో చూడాలి. రెండు నిమిషాల పని, చేయకపోతే మొత్తం కొలత మీదే అనుమానం.

మిగిలింది చుట్టుపక్కల వణుకు. నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోయే హైవే పక్కన ఎన్నో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. గ్రానైట్ దిమ్మలేసుకుని చీమకుర్తి వైపు నుంచి వచ్చే లారీ ఒకటి పోతే నేల కదులుతుంది. ఆ కదలిక సెకనుకి కొన్ని సార్ల నుంచి కొన్ని పదుల సార్ల దాకా, అద్దం ఊపు వేలల్లో. రెండూ దూరంగానే ఉన్నాయి కదా, వడగట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ మైక్రోస్కోప్ కింద లేజర్ చుక్క కొన్ని మైక్రాన్ల లోతులోనే స్పష్టంగా ఉంటుంది, నేల కదిలితే చుక్క పక్కకి జరిగి వేరే చోట కొలుస్తుంది. అందుకే గాలి నింపిన కాళ్ళున్న బరువైన బల్ల వాడతారు. అది లేనిచోట గ్రౌండ్ ఫ్లోర్ గది, రాత్రి పూట పని, ఏసీ ఆపెయ్యడం. గ్రాఫ్‌లో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర నిటారుగా గీతలు కనిపిస్తే అవి అద్దానివి కావు, కరెంటువి. అద్దాన్ని ఊపడం ఆపేసి ఒకసారి కొలిస్తే ఎవరిది ఏదో విడిపోతుంది.

ఇదంతా ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. రెండు వైపులా తెరిచిన ఒక రేకు డబ్బా, ఒక వైపు బిగించి కట్టిన బెలూన్ రబ్బరు, దాని మీద మధ్య నుంచి కాస్త పక్కకి అతికించిన గోరంత అద్దం ముక్క. లేజర్ పాయింటర్‌ని కదలకుండా బిగించి ఆ అద్దం మీదకి వెయ్యాలి, మళ్ళిన కాంతి ఎవరి కళ్ళ మీదకీ పోకుండా చూసుకోవాలి. ఐదు మీటర్ల దూరంలో గోడ ఉంటే, అద్దం డిగ్రీలో నూరో వంతు ఒరిగినా గోడ మీద చుక్క 1.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. డబ్బా రెండో వైపు నోరు పెట్టి సన్నగా రాగం తీస్తే చుక్క గీత అవుతుంది, స్వరం మార్చుకుంటూ పోతే గీత సున్నా అవుతుంది, ఎనిమిదంకె అవుతుంది, ఒకానొక స్వరం దగ్గర ఉన్నట్టుండి రెండింతలు పెద్దదవుతుంది. ఆ స్వరం రబ్బరుది. రబ్బరుని ఇంకాస్త బిగించి కట్టి మళ్ళీ పాడితే పెద్దదయ్యే చోటు పైకి జరిగి ఉంటుంది. ఎవరూ పాడకుండా ఉన్నప్పుడు కూడా చుక్క సన్నగా వణుకుతుంటే కాసేపు అలాగే చూస్తూ ఉండాలి, బయట రోడ్డు మీద లారీ దాటిపోయాక అది ఆగుతుంది.